నేల మీద ఇల్లు

నాటకాల హాలు మేనేజరు తెచ్చి దింపిన వెల్వెట్ తానులను చూసి సూదమ్మకు ఒకపక్క సంతోషం, ఒకపక్క గుబులు. వేదికకు మొత్తంగా కొత్త తెర కుట్టాలి. ఇన్నేళ్ళ కుట్టుపనిలో ఇంత పెద్ద పని ఆమె చేతికి రాలేదు. వచ్చింది సరే, ఈ గుడ్డ పరిచేదెక్కడ? మూడో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో కిటికీ కింద మిషను, దాని పక్కన బల్ల. కత్తిరింపులు ఆ బల్ల మీదే, భోజనాలూ ఆ బల్ల మీదే. వెనక గదిలో సగం అత్తగారి మంచం. ఒక తానును కొస పట్టుకుని విప్పితే రెండో కొస పొయ్యి గట్టు ఎక్కి కూర్చుంది.

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే కబుర్లన్నీ చెబుతుంది కనుక సూదమ్మ అయిపోయింది. భర్త ఆసుపత్రి క్యాంటీన్‌లో వంటవాడు. అక్కడ ఆయన్ను గరిటె మాస్టారంటారు.

"ఊరి చివర ఆ ఇల్లు చూద్దాం రావే అని నెల్లాళ్ళ నుంచి మొత్తుకుంటున్నా," అన్నాడు గరిటె మాస్టారు, వెల్వెట్ మీద కాలు పడకుండా గోడ వెంట పక్కకు నడుస్తూ. "ఇక్కడిచ్చే అద్దెలో సగం. పెద్ద హాలు, వరండా, వెనకాల పెరడు. వింటేగా నువ్వు?"

"విన్నా. అక్కడ నా చేత బట్టలు కుట్టించుకునేదెవరు? పెరట్లో కాకులా?"

"కాకులకు ఉన్నవి చాల్లే. మనుషులే కుట్టించుకుంటారు."

"ఇక్కడైతే మెట్లు దిగితే బొత్తాల కొట్టు. కిటికీలోంచి కేకేస్తే పాలు. అక్కడ కేకేస్తే ఎవరు పలుకుతారు?"

"అసలు కేకలే ఉండవు. అదే హాయి."

ఈ వాదన వాళ్ళకు రోజూ ఉండేదే. చివరికి ఇద్దరూ వెనక గది వైపు తిరిగి అత్తగారిని అడిగేవారు. ఆవిడదీ ఎప్పుడూ ఒకటే జవాబు.

"నాదేముందర్రా. ఎక్కడ మంచం వేస్తే అక్కడ పడుంటాను."

మోకాళ్ళు మొండికేశాక ఆవిడ మెట్లు దిగడం మానేసింది. ఇంట్లో కర్ర పట్టుకుని బాగానే తిరుగుతుంది, మెట్ల దగ్గరే కాళ్ళు మాట వినవు. మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చుని వీధిని చూస్తుంది. ఏ రోజూ ఇది కావాలనలేదు, ఇది బాగాలేదనలేదు. అందుకే మంచీ చెడూ బేరీజు వేసుకునేటప్పుడు ఆవిడ సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

చివరికి తగవు తీర్చింది వెల్వెట్టే. తెర కుట్టుకోవడానికి చోటు కావాలని గరిటె మాస్టారు ఆ ఇంటి యజమానురాలిని అడిగితే, ఆవిడ తాళంచెవి చేతిలో పెట్టింది. "ఎలాగూ ఖాళీగానే ఉంది. ఓ రెండు రోజులుండి చూడండి. నచ్చితే దిగిపోండి, నచ్చకపోతే తాళం ఇచ్చేయండి," అంది.

హాలు వాళ్ళ బండిలోనే మిషనూ, తానులూ ఎక్కించారు. వేదిక సామాన్లు మోసే ఇద్దరు మనుషులు అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపారు. మూడంతస్తులూ ఆవిడ కళ్ళు తెరవలేదు. కిందికి వచ్చాక మాత్రం, "నన్నూ ఆ గుడ్డతో పాటు చుట్టేసి దొర్లిస్తే పోయేది కదా, పాపం వీళ్ళకు శ్రమ," అంది.

ఆ ఇంట్లో కుర్చీ ఒక్కటీ లేదు, గోడకు మేకు లేదు. సూదమ్మ హాలు తుడిచి, దుప్పట్లు పరిచి, తానును కాలితో ఒక్క తోపు తోసింది. అది దొర్లుతూ దొర్లుతూ ఆ గోడ దాకా పోయి ఆగింది. పక్కన రెండోది పరిచింది, ఆ పక్కన మూడోది. ముదురు ఎరుపు చెరువులా గది నిండిపోయింది. ఇన్నాళ్ళూ ఏ గుడ్డనైనా మడత మడతగా చూసి, మిగతాది మనసులో ఊహించుకుని కుట్టింది. మొత్తం గుడ్డను ఒకేసారి చూడటం ఇదే మొదలు. చెప్పులు విడిచి దాని అంచు వెంటే చుట్టూ నడిచింది. మళ్ళీ ఇంకోసారి నడిచింది, పనేమీ లేకుండానే.

"ఏమంటావు?" అన్నాడు భర్త.

"గుడ్డ బాగుంది," అంది సూదమ్మ. ఇల్లు బాగుందనడానికి నోరు రాలేదు.

మర్నాడు చీకటితోనే ఆయన డ్యూటీకి వెళ్ళాడు. కాసేపటికి ఫోను వచ్చింది.

"బస్టాపులోనే ఉన్నా. నేనూ, ఒక కుక్కా. బస్సు జాడ లేదు. కుక్క కూడా విసుక్కుంటోంది."

ఇంకాసేపటికి మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో నవ్వు లేదు. ఆలస్యంగా చేరేసరికి సహాయకుడు సూపు మాడబెట్టాడట, హెడ్డు నర్సు అందరి ముందూ దులిపేసిందట. "సాయంత్రం వచ్చి మాట్లాడతా. ఈ ఇల్లూ వద్దు, పెరడూ వద్దు," అని పెట్టేశాడు.

ఆ మాట కోసమే కదా నెల్లాళ్ళుగా పోరాడింది. తీరా గెలిచాక సూదమ్మకు చప్పగా అనిపించింది. నోట్లో సూదులతోనే హాలును ఆ గోడ నుంచి ఈ గోడ దాకా చూసుకుంది.

మధ్యాహ్నానికి ఎర్రదారం అయిపోయింది. ఆ కోపమంతా అత్తగారి ముందు వెళ్ళగక్కింది. "చూశారా అత్తయ్యా, మీ అబ్బాయి చూపించిన స్వర్గం. దారం ఉండ దొరకదు."

అత్తగారు వరండా అరుగు మీద కూర్చుని వీధిని చూస్తోంది. సూదమ్మ మిగిలిన అంచుకు గుండుసూదులు గుచ్చుకుంటూ అటు చివరిదాకా పోయింది. తిరిగి చూస్తే అరుగు ఖాళీ. వెనక గదుల్లో లేదు. పెరట్లో లేదు. గుమ్మం దగ్గర తన చెప్పులూ లేవు.

సూదమ్మ వట్టి కాళ్ళతోనే వీధిలోకి పరుగెత్తింది. పక్కింటి ముందు ఒకావిడ దుప్పటి ఆరేస్తోంది.

"కర్ర పట్టుకున్న పెద్దావిడా? మా ఇంట్లో టీ తాగి ఇందాకే వెళ్ళారు. ఎర్రదారం ఉందా అని అడిగారు."

ఆ తర్వాతి ఇంట్లోనూ టీ తాగింది. మలుపు దగ్గరింట్లో టీతో పాటు బిస్కెట్లు కూడా తిన్నది. అన్ని గుమ్మాలూ దాటుకుంటూ వెళ్తే, ఆఖరికి బస్టాపు బెంచీ మీద కనిపించింది అత్తగారు. కాళ్ళకు కోడలి చెప్పులు, ఒళ్ళో అరడజను దారపుండలు.

"చెప్పకుండా వచ్చేస్తారా అత్తయ్యా? ప్రాణం పోయిందనుకోండి."

"చెప్తే నువ్వు వెంట వస్తావు," అంది ఆవిడ. "గడప పక్కనే వీధి కనిపించింది. దాటి చూద్దును కదా, దాటగలిగాను. ఇంక ఆగలేదు."

సూదమ్మ పక్కన కూర్చుంది. అత్తగారు దారాలు ఒక్కొక్కటే కోడలి చేతిలో పెట్టింది. ఒకటి నారింజ రంగు, ఒకటి వంగపండు రంగు, ఒకటి గులాబి.

"నీకు సరిపోయేది ఒక్కటీ ఉన్నట్టు లేదు. పాపం, వాళ్ళు లేదనలేక ఇచ్చారు, నేను వద్దనలేక తీసుకున్నాను."

సూదమ్మకు నవ్వు ఆగలేదు. కళ్ళు కూడా తడిశాయి, అది నవ్వువల్లేనని సరిపెట్టుకుంది. ఇద్దరూ అలాగే కూర్చుని, వచ్చేపోయే వాళ్ళ నడకల మీద కబుర్లు చెప్పుకున్నారు. కిటికీలోంచైతే నడినెత్తులు తప్ప కనిపించవనీ, మొహాలు చూసి ఎన్నాళ్ళో అయిందనీ అత్తగారు అంది.

సాయంత్రం బస్సు వచ్చింది. గరిటె మాస్టారు బస్సు మెట్టు మీద నుంచే భార్యను చూశాడు. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ ఆయన మొహం మీద సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిచాడు. అప్పుడు పక్కన ఉన్న మనిషి కనిపించింది. వెనకవాళ్ళు తోస్తున్నా ఆయన మెట్టు మీంచి కదల్లేదు.

"అమ్మా, నువ్వేంటి ఇక్కడ?"

"నిన్ను తీసుకెళ్దామని వచ్చా. పద."

ఆయన చెయ్యి అందించాడు. ముగ్గురూ మెల్లగా నడిచారు. దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆవిడ ఆగి, "మా అబ్బాయి. ఆసుపత్రిలో ఎంతమందికి వండుతాడో," అని పరిచయం చేసింది. పాతికేళ్ళ నుంచి అక్కడే కాపురమున్నట్టుంది ఆవిడ వరస. బస్సు మాట ఆయన ఎత్తలేదు. మలుపింటావిడే ఎత్తింది. "పొద్దున మిమ్మల్ని చూశాడటండీ మా ఆయన. బేకరీ బండి తోలుతాడు. చీకటితోనే ఆసుపత్రి మీదుగానే పోతాడు. ఒక్క మాట చెబితే ఆపేవాడు."

ఇంటికి వచ్చాక మళ్ళీ వాదన మొదలైంది. కాకపోతే ఎవరి మాటలు ఎవరివో తారుమారయ్యాయి.

"నీ గిరాకీ పోతుందేమోనే," అన్నాడు ఆయన.

"గిరాకీ వెతుక్కుంటూ వస్తుంది. ఆ పక్కింటావిడ అప్పుడే రెండు దుప్పట్లు అంచు కుట్టమంది."

"దారం ఉండదు కదా."

"వారానికోసారి పాత వీధికి వెళ్ళి తెచ్చుకుంటా. వానాకాలం బురదలో బేకరీ బండి దాకా మీరెలా నడుస్తారో చూసుకోండి."

"నన్నెవరూ అడగరా?" అంది అత్తగారు.

"నీదేముంది, ఎక్కడ మంచం వేస్తే అక్కడ పడుంటానన్నావుగా," అన్నాడు కొడుకు.

"అప్పుడు మెట్లున్నాయి."

ఆ మాట మీద ఇంక వాదన సాగలేదు. గరిటె మాస్టారు తల దించుకుని తల్లి మోకాలి మీద చెయ్యి వేశాడు. కాసేపు తీయలేదు.

తెర కుట్టి ఇచ్చేశాక, నెల తిరక్కుండా సామాను కొత్త ఇంటికి వచ్చేసింది. బస్సు ఇప్పటికీ దానికి బుద్ధి పుట్టినప్పుడే వస్తుంది. మొదటి వానకే వీధి మోకాలి లోతు బురదైంది, సూదమ్మ మూడు రోజులు పాత వీధిని తలుచుకుంది. అయినా మిషను హాలు నడిమధ్య పెట్టుకుని, నలువైపులా చోటు చూసుకుంటూ కుట్టడం ఆమెకు ఇంకా కొత్తగానే ఉంది.

కొత్త ఇంట్లో మొదటి సెలవురోజు గరిటె మాస్టారు సూపు చేశాడు. ఆసుపత్రి కొలత తప్ప ఆయన చేతికి వేరే కొలత తెలియదు. గిన్నె పొంగి పొర్లేలా ఉంటే అత్తగారు కర్ర అందుకుని, నలుగురినీ పిలుచుకొస్తానని గుమ్మం దాటింది. ఆవిడ వెనక ఎంతమంది వచ్చారంటే, వరండా చాలక పెరట్లో కూడా కూర్చున్నారు. కప్పులు చాలకపోతే ఎవరి కప్పు వాళ్ళే తెచ్చుకున్నారు. గరిటె మాస్టారు గుమ్మంలో నిలబడి అందరికీ పోస్తుంటే, సూదమ్మ నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టి, తన కప్పు ముందుకు చాపింది.