మరాయన గుమ్మానికి గేటు

పిండిమర నడిపేవాడు కాబట్టి అందరూ ఆయన్ని మరాయన అనేవారు. కడుపులో జబ్బు ముదిరాక ఆసుపత్రివాళ్లు ఇక కోసేదీ లేదు, ఎక్కించేదీ లేదని ఇంటికి పంపేశారు. ఇంటికీ మరకీ మధ్య ఒకటే గోడ. మర ఆగిపోయాక ఆ గోడ మొదటిసారి గోడలాగా ఊరుకుంది.

ఇలా ఇంటికి పంపేసినవాళ్లని చూసుకోవడానికి ఒక నర్సమ్మ వచ్చేది. మొదటిరోజు గుమ్మంలోనే మరాయన భార్య అడిగింది.

"తగ్గుతుందా అమ్మా?"

"జబ్బు తగ్గదండీ. నొప్పి తగ్గుతుంది. నేనొచ్చేది అందుకు. మీకోసం కూడా."

"నాకేం జబ్బు?"

"మీరు కంటినిండా పడుకుని ఎన్నాళ్లయింది?"

ఆమె గుర్తు తెచ్చుకోబోయి మానేసింది.

నొప్పి మందు సీసా అలమారలో నిండుగానే ఉంది. అలవాటు పడిపోతాడేమోనని, ఆయన మంచంకోడు పట్టుకుని మూలిగితే తప్ప భార్య సీసా దించేది కాదు. నర్సమ్మ సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇప్పుడు అలవాటు గురించి భయం వద్దు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, చెప్పిన కొలతలో, చెప్పిన వేళకి వెయ్యాలి. మర పట్టేశాక నూనె పోస్తారా?"

"ఆవిడ పోస్తుంది" అన్నాడు మరాయన మంచం మీంచి. నర్సమ్మ ఆయన నోట విన్న మొదటి మాట అదే.

వేళకి మందు పడటం మొదలయ్యాక మధ్యాహ్నం పూట ఒక గంట ఆయనకి తెరిపిగా ఉండేది. "ఆ గంటసేపు మీకేం చెయ్యాలనుంది?" అని అడిగింది నర్సమ్మ. అప్పటిదాకా ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి అన్నవాళ్లే గాని ఈ మాట అడిగినవాళ్లు లేరు.

"దీనికి మర నేర్పాలి." భార్యకేసి గడ్డం ఎత్తాడు. "గింజ పొయ్యడం వచ్చు. రాయి కొట్టడం రాదు. గంట్లు అరిగిపోతే రాయి నున్నబడి పిండి పడదు. అప్పుడు ఎవరి కాళ్లు పట్టుకుంటుంది?"

చిక్కేమిటంటే, చుట్టాలకీ ఆ గంటే తీరిక. మంచం పట్టె మీద కూర్చుని "ఎలా ఉంది?" అనేవారు. ఆయన చెప్పేలోగా అదే జబ్బుతో పోయినవాళ్ల కథ ఎత్తుకునేవారు. కథలో మనిషి పోయేసరికి ఇక్కడ గంట పోయేది.

"చూడ్డానికొచ్చినవాళ్లని పొమ్మంటామా?" అంది భార్య.

"మీరనొద్దు. అనగలిగినవాళ్లు మీలో ఎవరన్నా ఉన్నారా?" అంది నర్సమ్మ.

మొగుడూపెళ్లాలు మొహమొహాలు చూసుకున్నారు. ఉన్నాడు. ఆమె అన్నయ్య. రైలుగేటు దగ్గర ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. పెళ్లికారు కూతపెట్టినా, పోలీసు జీపు కూతపెట్టినా, రైలు పోయేదాకా గేటెత్తి ఎరగడు. కాకపోతే వెనకెప్పుడో చుట్టాలందరి ముందూ రొట్టె నములుతూ, "పిండిలో రాయి తగిలింది బావా" అన్నాడు. ఆ రోజు నుంచి మరాయన ఆయనతో మాట్లాడలేదు. అందరూ గేటు బావ అనే ఈ అన్నయ్య మొదట్నించీ మాట పొదుపు మనిషి కాబట్టి, ఈ సంగతి ఆయనకి తెలియడానికే చాన్నాళ్లు పట్టింది.

కబురు పెడితే మర్నాడే వచ్చాడు. తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు. గుమ్మానికి అడ్డంగా వేసి, లోపలికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఇద్దరు మూటలు మోసేవాళ్లు మరలోంచి పైరాయి దించి, గోనెపట్టా మీద మంచం పక్కన పెట్టారు. భార్య ఉలీ సుత్తీ పట్టుకుంది. మరాయన కళ్లు మూసుకుని చప్పుడు వినేవాడు.

"లోతెక్కువైంది."

"చూడకుండానే చెప్తావేం?"

"చూస్తే నువ్వు కొట్టే తీరుకి బాధేస్తుంది. ఉలి పడుకోబెట్టు."

దుప్పటి మీద రాతిపొడి పడేది. నర్సమ్మ వచ్చి దులిపి, వీపు మీద పుండ్లు పడ్డాయేమోనని ఆయన్ని పక్కకి తిప్పి చూసేది. సుత్తి మాత్రం ఆపమనలేదు. ఇప్పుడు రాత్రిళ్లు భార్యకి కాస్త నిద్ర పడుతోందట. సుత్తి పట్టి చేతులు అలిసిపోయి.

ఒక మధ్యాహ్నం వరసకి పిన్ని వచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"ఎలా ఉన్నాడు?"

"పడుకుని ఉన్నాడు" అన్నాడు గేటు బావ.

"ఒక్కసారి చూసి పోతాను."

"ఇప్పుడు కాదు."

"లోపల ఆ టకటకలేమిటి?"

"రాయి చెక్కుతున్నారు."

ఆమె నోటిమీద చెయ్యేసుకుంది. గేటు బావకి ఇంకేమీ చెప్పాలని తోచలేదు. సాయంత్రానికల్లా, మనిషి బతికుండగానే సమాధిరాయి చెక్కించేస్తున్నారని వీధంతా పాకింది. పెళ్లాం చేతే చెక్కిస్తున్నారని ఎవరో కలిపారు. మర్నాటి నుంచి ఆ గుమ్మం తొక్కినవాడు లేడు.

రాయి పూర్తయింది. దాన్ని మళ్లీ మరకి ఎక్కించబోయే ముందు మరాయన భార్యతో అన్నాడు.

"కొత్తగా కొట్టాక మొదటి వాయి పిండి ఎవరికీ ఇవ్వకు. పారబొయ్యి. అందులో రాతిపొడి ఉంటుంది." గుమ్మం కేసి చూసి, "నేనొకసారి ఇచ్చాను" అన్నాడు.

గుమ్మంలో కుర్చీ కిర్రుమంది.

గోడ అవతల మర తిరిగింది. భార్య మొదటి వాయి పారబోసింది. రెండో వాయి దోసిట్లో పట్టి అన్నయ్య దగ్గరికి తీసుకెళ్లింది. గేటు బావ చిటికెడు తీసి వేళ్లమధ్య నలిపాడు, నోట్లో వేసుకుని పంటికింద పెట్టాడు. తొందరపడలేదు.

"రాయి లేదు" అన్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు మరాయన లోపల్నించి.

"వినపడలేదా?" అంది భార్య.

"పడింది. మళ్లీ అనమను."

గేటు బావ మళ్లీ అన్నాడు. ఈసారి మరాయన కేసి తిరిగి అన్నాడు.

"ఇక జనాన్ని పంపు బావా" అన్నాడు మరాయన.

"ఎవరూ లేరు."

"అందర్నీ తోలేశావా?"

"వాళ్లే మానేశారు."

"అయితే నువ్వే రా."

గేటు బావ కుర్చీ ఎత్తి గుమ్మం దాటాడు. మంచం పక్కన వేసుకుని కూర్చున్నాడు. చెల్లెలు మరలోకి వెళ్లిపోయింది. గేటు బావ చాలాసేపు ఆలోచించి అడిగాడు.

"ఎలా ఉంది బావా?"

"ఈ మాట వినలేకే నిన్ను గుమ్మంలో పెట్టుకుంది."

గేటు బావ నిజమేనన్నట్టు తలూపాడు. గోడ అవతల మర చప్పుడు సన్నగా కీచుమంది. తొట్టిలో గింజ తగ్గితే రాయీ రాయీ ఒరుసుకుని అలా అరుస్తాయి. మరాయన కేకెయ్యడానికి నోరు తెరిచాడు. ఈలోగా గింజ పడ్డ చప్పుడైంది. కీచు ఆగి మర మళ్లీ బరువుగా తిరిగింది.

తెరిచిన నోరు మూసుకున్నాడు.