ఎండకు ఎదురుగా తీసిన ఫోటో

ధర్మవరం స్టేషన్ రోడ్డులో మొహిద్దీన్ సాబ్ తన ఫోటో అంగడిని పాలవాళ్లు తిరిగే వేళకే తెరిచేవాడు. అంగడి ఊడ్చి, కెమెరా అద్దాన్ని మెత్తటి మల్లుగుడ్డతో తుడిచి, గుమ్మం ముందు నిలబడి ఆకాశం చూసేవాడు. మబ్బు పట్టిందో లేదో తెలిస్తే ఆ రోజు పని ఎట్లా సాగేదీ తెలిసిపోయేది. ఆ పంతొమ్మిదివందల యాభైల్లో ఆయనకు కరెంటు దీపాల కంటే ఎండ మీదే నమ్మకం. ఎవరు వచ్చినా వెనక పెరట్లో, సూర్యుడు తన వీపు వైపు ఉండేటట్టు చూసుకొని ఫోటో తీసేవాడు. కెమెరా ఎండకు ఎదురైతే ముఖాల మీద తెల్లటి గుండ్రాలు పడతాయి. జనం వాటిని దయ్యపు మచ్చలనేవాళ్లు. ఆయన ఎండమచ్చలు అనేవాడు.

ఒకనాటి పొద్దున మగ్గం నేసే కదిరప్ప తన కూతురు ఈశ్వరిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ పిల్ల కళ్లకు నల్లగుడ్డ కట్టి ఉంది. తట్టు పోసి లేచినప్పటి నుంచి ఆమె కళ్లు వెలుతురుకు ఓర్చుకోవు. బడి కూడా మానేసి ఇంట్లోనే ఉంటోంది.

"సాబ్, పాపకు ఇంకో ఫోటో తీయల్ల," అన్నాడు కదిరప్ప.

"పోయిన నెల తీస్తిని గదప్పా?"

"దాంట్లో కళ్లు మూసుకొనుండాది. దాన్ని చూసి మా ఆడమనిషి, ఇది పాప చచ్చిపోయినాక తీసిన ఫోటో, నాకు నిజం చెప్పమని పట్టుకునింది."

కదిరప్ప భార్య అనసూయమ్మ మదనపల్లి దగ్గర క్షయ ఆసుపత్రిలో ఉంది. పిల్లలను లోపలికి రానివ్వరు. ఆ కాలంలో ఇంట్లో ఎవరన్నా పోతే గోడకు ఆనించి కూర్చోబెట్టి ఫోటో తీయించుకోవడం మామూలే. అట్లాంటివి మొహిద్దీన్ సాబే ఎన్నో తీశాడు.

"నేను ఒట్టు పెట్టినా నమ్మలే. మందు మింగేది మానేసింది. పాప లేని ఇంటికి నాకు బాగై వచ్చి ఏం చేయల్ల అంటాది," అని కదిరప్ప తల వంచుకున్నాడు.

మొహిద్దీన్ సాబ్ పిల్లను గది లోపల కూర్చోబెట్టి, గుడ్డ విప్పి చూశాడు. కళ్లు తెరిచింది కానీ ఫిల్ముకు ఆ వెలుతురు చాలదు. దీపాలు వేస్తే మూసుకుంది. పెరట్లోనూ అంతే. చివరకు మిద్దె మీదికి తీసుకుపోయి, పొద్దుటి సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టాడు. ముఖం మీద ఎండ లేదు. రెప్పలు నెమ్మదిగా విచ్చుకున్నాయి. అయితే ఇప్పుడు ఎండ నేరుగా కెమెరా అద్దంలో పడుతోంది.

టోపీ అడ్డం పెట్టి ఒకటి తీశాడు. దాంట్లో టోపీ అంచు వచ్చింది. చెయ్యి అడ్డం పెడితే వేళ్లు వచ్చాయి. నల్ల అట్టను గొట్టంలా చుట్టి అద్దానికి తొడిగాడు. సూర్యుడు పిల్ల తలకు కొంచెం పైనే ఉన్నాడు కాబట్టి గొట్టంలోకీ దూరాడు. ఫిల్ము కడిగి చూస్తే తెల్లటి గుండ్రాలు సరిగ్గా రెండు కళ్ల మీదా కూర్చున్నాయి.

"ఇది చూస్తే ఇంకా బెదురుకుంటాది," అన్నాడు కదిరప్ప.

మొహిద్దీన్ సాబ్ ఆ మధ్యాహ్నమే అంగడి మూసి పెనుకొండకు పాసింజరెక్కాడు.

పెనుకొండ స్టేషన్‌లో బాలనాగమ్మ అవ్వ మజ్జిగ అమ్మేది. ఆమె పసిబిడ్డగా ఉన్నప్పుడు అమ్మానాయనలు కూలికి పోతూ, బాట పక్క చింతచెట్టుకు ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవాళ్లు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ చెట్టును కొట్టేశారు. దాని నీడకు పోయే చోటు లేక ఈమె వెంట వచ్చేసింది. అత్తగారింట్లో ఆరబోసిన వేరుశెనక్కాయల దగ్గరికి ఆమెను రానిచ్చేవాళ్లు కాదు. కోతల కాలమంతా ఇంట్లోనే ఉండమనేవాళ్లు. మొగుడు పోయినాక ఆమె స్టేషన్‌కు వచ్చి కూర్చుంది. ఎండాకాలం రైలు దిగినవాళ్లు ఆ నీడలో చేరి, మజ్జిగ తాగి పోయేవాళ్లు.

"అవ్వా, నీ నీడతో పని పడింది. ధర్మవరం దాకా రావల్ల."

"ఎవరి కోసం?"

ఆయన సంగతంతా చెప్పాడు. అవ్వ ముంతను బోర్లించి లేచింది. తిరుగు రైల్లో వాళ్లు కూర్చున్న పెట్టె చల్లగా ఉందని ఇంకో నలుగురు వచ్చి ఇరుక్కున్నారు.

మరుసటి పొద్దున అందరూ మిద్దె ఎక్కారు. ఈశ్వరి సూర్యుడికి వీపు పెట్టి నిలబడింది. మొహిద్దీన్ సాబ్ కెమెరా పక్కన అవ్వను నిలబెట్టాడు.

"కొంచెం ఇట్లా జరుగు అవ్వా. ఇంకొంచెం. ఆఁ, చాలు."

చింతచెట్టు నీడ కెమెరా మీద పరుచుకుంది. గాలి లేకపోయినా దాంట్లో సన్నని ఆకులు కదులుతున్నాయి. నీడకు ఒళ్లు లేదు కాబట్టి దాని అంచు ఫోటోలోకి రాదు. మొహిద్దీన్ సాబ్ కెమెరా వెనక నల్లగుడ్డలో తల పెట్టి చూశాడు. అద్దంలో ఎక్కడా మచ్చ లేదు. పిల్ల ముఖం నీళ్లలో రాయిలా స్పష్టంగా ఉంది.

నీడ కొమ్మ ఒకటి ఈశ్వరి కాళ్ల దాకా పాకింది. ఆమె దాన్ని చూసింది, ఆ తర్వాత తలెత్తి అవ్వను చూసింది. కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. మొహిద్దీన్ సాబ్ ఫోటో తీసేశాడు.

పని ముగిసి అవ్వ మెట్ల వైపు నడిచింది. నాలుగడుగులు పోయేసరికి నెత్తిన ఎండ చురుక్కుమనింది. వెనక్కి తిరిగి చూస్తే నీడ ఈశ్వరి దగ్గరే ఆగిపోయి ఉంది. అవ్వ దాన్ని పిలవలేదు.

"ఉండనీలే. నాకింక ఎంత కాలముండాది? పాపకు చానా దూరం పోయేదుండాది," అనింది.

"నీకు ఎండ కదా అవ్వా," అన్నాడు మొహిద్దీన్ సాబ్.

"ఒక గొడుగు కొనియ్."

కదిరప్ప నీడను చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, మాది మగ్గాల పడుగు పోగులు ఆరబెట్టే వీధి. పాప బయట తిరిగితే అవి ఆరవేమో."

"పడుగులు ఆరేటప్పుడు పాపను బడికి పంపు," అనింది అవ్వ.

కదిరప్ప ఫోటో తీసుకొని మదనపల్లికి పోయాడు. అనసూయమ్మ దాన్ని చాలాసేపు చూసింది. వెలుతురు దగ్గర పెట్టుకొని చూసింది, దూరంగా పెట్టి చూసింది. చూపుడు వేలితో ఒక్కొక్క కన్ను తడిమింది.

"చిక్కిపోయిందే," అని, "గంజి తెప్పియ్," అనింది.

ఈశ్వరి తిరిగి బడిలో చేరింది. ఎండాకాలంలో అయ్యవారు పాఠాన్ని బయటికి మార్చి, ఆమె చుట్టూ పిల్లలను కూర్చోబెట్టేవాడు.

అనసూయమ్మకు నయమై ఇంటికి వచ్చేసరికి మళ్లీ వేసవి వచ్చింది. రైలు దిగేటప్పటికి మిట్టమధ్యాహ్నం, ప్లాట్‌ఫారం సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తోంది. ఈశ్వరి గుడ్డ లేకుండా నిలబడి ఉంది. అనసూయమ్మ దగ్గరిదాకా వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ముట్టుకోవచ్చునా?" అని మొగుణ్ని అడిగింది.

"డాక్టరు చెప్పినాడు గదా, ఏం కాదని."

అయినా ఆమె చేతులు రాలేదు. ఈశ్వరే ముందుకు వచ్చి తల్లిని ఆనుకొని నిలబడింది. చల్లటి నీడ ఇద్దరినీ కప్పింది.

"ఏమ్మా, అట్లా చూస్తాండావు?" అనింది అనసూయమ్మ.

ఈశ్వరి రెప్ప వేయలేదు. చూస్తూనే ఉంది.