లోవలక్ష్మి ఇంటి దస్తావేజు

"ఆ లోవలక్ష్మి తాలూకు పాత డ్రాఫ్టు కంప్యూటర్లో ఉండిపోయినట్టుంది. తీసెయ్. పప్పు ఉడికేలోపు అయిపోతుంది," అన్నాడు భాస్కరం చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. "ఆవిడిటొస్తే నేను కాకినాడ వెళ్లానని చెప్పు. నువ్వేం మాట్లాడకు. నీకేం తెలీదుగా."

ఉమాశ్రీ తల ఊపింది. గేటు మూసిన చప్పుడయ్యాక కుక్కరు పొయ్యిమీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. ఫైలు వెతకనక్కర్లేదు. ఏడాదిగా అదెక్కడుందో ఆమెకి తెలుసు.

భాస్కరం దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు ఆఫీసు పక్కన బల్ల, కుర్చీ, గొడుగు అతనివి. రాత మాత్రం ఇంట్లోనే. పెళ్లైన కొత్తలో పేర్లూ సరిహద్దులూ చిన్న కాగితం మీద రాసుకొచ్చి, పక్కన కూర్చుని ఒక్కో వాక్యం చెప్పేవాడు. రానురాను వాక్యాలు చెప్పడం మానేశాడు. "అన్నదమ్ముల పంపకం, మధ్యలో బావి ఉమ్మడి" అంటే చాలు, కూర పొయ్యిమీద ఉండగానే నాలుగు పేజీలు తయారు చేసేది. పంతొమ్మిదేళ్లలో ఈ చుట్టుపక్కల ఎన్ని కొబ్బరితోటలు, ఎన్ని పెంకుటిళ్లు ఆమె వేళ్ల కిందుగా చేతులు మారాయో! ప్రతి దస్తావేజు అడుగునా 'రాసినవారు' అన్నచోట భాస్కరం పేరే. "మగాడు ఎండలో తిరిగితే వచ్చే సంపాదన తల్లీ, నువ్వు నీడపట్టున కూచుని మీటలు నొక్కుతావు," అనేది అత్తగారు సీతారామలక్ష్మి. ఓసారి రిజిస్ట్రారు గారెవరో దస్తావేజు తప్పుల్లేకుండా ఉందని మెచ్చుకుంటే, "మా ఆవిడ కొడుతుందండి, నేను చెప్పిందే కొట్టాలనుకోండి," అని నవ్వాడు భాస్కరం. ఆ మాట చాలాకాలం ముల్లులా ఉండేది. కిందటేడు నుంచి లేదు. ఈమధ్య ఆ మాటని తనే మనసులో అనుకుంటోంది. ఆయన చెప్పిందే కదా నేను కొట్టింది! అవమానం లోపల దాక్కోవడానికి ఇంత చోటుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

కిందటేడు వచ్చింది లోవలక్ష్మి. యానాం దారిలో సముద్రం ఒడ్డు ఊరు. మొగుడు పోయాక చేపల గంప ఎత్తుకుని, తన కష్టంతో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. కొడుకు పడవకి ఇంజను కావాలంటే మరిది సత్తియ్య డబ్బు ఇస్తానన్నాడు, ఇల్లు తనఖా పెట్టమన్నాడు. ఆ రోజు ఉదయం ఉమాశ్రీ తనఖా దస్తావేజే రాసింది; కంప్యూటర్లో ఉండిపోయిన డ్రాఫ్టు అదే. బాకీ తీరిన రోజున ఇల్లు విడిపించుకోవచ్చు, అంతవరకూ కూడా ఇల్లు లోవలక్ష్మిదే. మధ్యాహ్నం సత్తియ్య భాస్కరాన్ని గేటు దగ్గరికి పిలిచి ఏదో మాట్లాడాడు. భాస్కరం లోపలికొచ్చి, "దాన సెటిల్‌మెంటుగా మార్చు," అన్నాడు.

"దానమేంటండి? ఇల్లు పోతుందిగా ఆవిడకి."

"ఈ వైపంతా ఇలాగే రాయించుకుంటారు, నమ్మకం కోసం. బాకీ తీరాక తిరిగి రాసిస్తాడు."

"ఆవిడకి చెప్పారా?"

"వదినా మరుదులు, వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. నువ్వు కొట్టు, టైమైపోతోంది."

కొట్టింది. 'నేటినుండి సదరు ఆస్తిపై నాకుగాని, నా వారసులకుగాని ఎట్టి హక్కు లేదు' అని లోవలక్ష్మి మాటగా తను రాసింది. చివర అలవాటు కొద్దీ 'చదివి వినిపించగా విని, ఒప్పుకొని చేసిన సంతకం' అని కూడా రాసింది. ఎవరూ చదవలేదు. ఎవరూ వినలేదు. ఎప్పుడూ అంతే.

ప్రింటు వస్తుండగా అరుగు మీద కూర్చున్న లోవలక్ష్మికి మజ్జిగ ఇచ్చింది. అప్పుడావిడ ఏదో అడిగింది. తనేం చెప్పింది? మొదట్లో గుర్తుకొచ్చినప్పుడల్లా, తను వినిపించుకోకుండా లోపలికి వెళ్లిపోయినట్టు ఉండేది. తర్వాత, "ఆయన్నడగండి," అన్నట్టు. కొన్నాళ్లకి, ఊరికే తల ఊపినట్టు. మనసు ఒక్కో తెర తీస్తూ, ఇంకా వెనక ఏదో ఉందని తెలిసి ఆగిపోయేది.

కుక్కరు మూడో కూత వేసింది. ఫైలు ఇంకా తీసెయ్యలేదు. గేటు చప్పుడైంది.

"అమ్మగారండీ!"

లోవలక్ష్మి గంప లేకుండా వచ్చింది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుంది.

"అయ్యగారు లేరండి. కాకినాడ..." అంది ఉమాశ్రీ.

"నేను మీకోసమే వచ్చేనండి. ఇంటి పన్ను కడదామని ఎల్తే ఇల్లు సత్తియ్య పేరుమీదుందన్నారండి. ఇదేంట్రా అంటే, దానంగా ఇచ్చేసి ఇప్పుడు నాటకాలాడతన్నావంటన్నాడు. నెలాకరికి కాళీ చెయ్యాలంటండి. దానమియ్యడానికి నేనేమైనా జమీందార్నా అండి?" నవ్వబోయింది, కుదరలేదు. "లాయరుగారేమో, తనఖా అని నీకెవరు చెప్పేరు, ఎవరన్నా సాక్ష్యం చెప్తారా అనడిగేరు. నా కొడుకు కూడా నీకే బుర్ర పాడైంది, సరిగా ఇనుండవు అంటన్నాడు. రాత్రుళ్లు పడుకుని నాకూ అలాగే అనిపిస్తందండి. ఇక్కడే, ఈ అరుగుమీదే, తనఖాయేనా అండని మిమ్మల్నడిగినట్టు గుర్తు. మీరేమన్నారో మరి, మీకేమైనా గుర్తుందా అండి?"

ఉమాశ్రీ వంటింటి వైపు చూసింది. లోపల పప్పు అడుగంటుతున్న వాసన.

"పోన్లెండి," అంది లోవలక్ష్మి, తనే జాలిపడినట్టు. "మీదేం తప్పండి. ఇంట్లో ఉండే ఆడోళ్లు మీరు. రాసేది అయ్యగారు, మీకేం తెలుస్తదండి!"

తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. అందులోంచి వెళ్లిపోవచ్చు. భర్త, అత్తగారు, ఇప్పుడీవిడ, ఇందరు కలిసి కట్టిపెట్టిన నిర్దోషిత్వం అది. "అవునండి, నాకేం తెలీదు," అంటే చాలు. ఈ మనిషి తన బుర్రే పాడైందని నమ్ముకుంటూ బస్సెక్కుతుంది. ఆఖరి తెర అప్పుడు జారింది. తల ఊపడం కాదు. మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, ఆవిడ కళ్లలోకి చూస్తూ, నవ్వుతూ అంది తను: "తనఖాయేనండి, భయపడకండి."

ఉమాశ్రీ వెళ్లి స్టవ్ ఆపి వచ్చింది. లోవలక్ష్మి అప్పటికే మెట్టు దిగింది.

"మీరు సరిగానే విన్నారు," అంది ఉమాశ్రీ. "తనఖా అని చెప్పింది నేనే. కాదని తెలిసే చెప్పాను. లాయరుగారి దగ్గరికి నేనూ వస్తాను, పదండి."

లోవలక్ష్మి వెనక్కి తిరిగి ఆమెను చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. ఉండాలని ఉమాశ్రీ అనుకోలేదు.

"అయ్యగారు ఊరుకుంటారా అండి? ఆయన రాసిన దస్తావేజు మీద..."

"ఆయన రాయలేదండి," అంది ఉమాశ్రీ. పంతొమ్మిదేళ్లలో ఆ మాట బయటికి అనడం అదే మొదలు. "ఇన్నేళ్లూ అన్నీ రాసింది నేనే. మీదీ నేనే రాశాను."