ఎవరికెవరు చేస్తున్నారు

దక్షిణామూర్తి కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడగడం ప్రమోదకి రోజూ పొద్దున్నే పడే శిక్ష. రక్తం గడ్డకట్టకుండా డాక్టరు వేసుకోమన్న మేజోళ్ళవి. ఆరోగ్యంగా ఉన్న వేళ్ళకే ఓ పట్టాన లొంగవు. ఆమె వేళ్ళేమో కీళ్ళవాతంతో ఎప్పుడో వంకర్లు పోయాయి. నేలమీద కూర్చుని, అతని మడమ ఒళ్ళో పెట్టుకుని, పళ్ళ బిగువున లాగుతోంది.

"మనకెంత సాయం కావాలో చూసి రాసుకోడానికి ఇవాళ కౌంటీ ఆఫీసు నుంచి అసెసర్ వస్తుంది. మన తెలుగువాళ్ళ అమ్మాయేనట, ఇక్కడే పుట్టి పెరిగింది," అన్నాడు పైనుంచి. "నువ్వు మధ్యలో మాట్లాడకు. పేషెంట్‌వి నువ్వు, కేర్‌గివర్‌ని నేను. నిన్ను చూసుకుంటున్నందుకు ఇచ్చే అలవెన్స్ నా పేరు మీద రావాలి. నా సంగతి అడిగితే ఏ హెల్పూ అక్కర్లేదని చెప్పు."

ప్రమోద రెండో మేజోడు అందుకుంది. కీళ్ళవాతానికి వారానికోసారి ఆమె తొడకి ఇంజెక్షన్ పెన్ను ఆనించి నొక్కేది అతనే, అబద్ధం కాదు. ఆమె వేళ్ళకి ఆ బలం లేదు. స్ట్రోక్‌తో కుడిచెయ్యి పడిపోయినా ఎడంచేత్తో నొక్కుతున్నాడు. ఆ సంగతి అమెరికాలో వాళ్ళుంటున్న క్యారీ ఊళ్ళో తెలియని తెలుగు ఇల్లు లేదు. "ప్రమోదకి అన్నీ నేనే చూసుకోవాలండీ" అని గుడిలో, తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో చెప్తాడు. "మూర్తిగారు దేవుడండీ" అని ఆడవాళ్ళే మురిసిపోతారు. ఆ దేవుడికి నీళ్ళు పోసి, గడ్డం గీసి, బొత్తాలు పెట్టి, కార్లో కూర్చోబెట్టి తీసుకొచ్చిందెవరో ఒక్కరూ అడగరు. భార్య రోజంతా చేసిన దానికి పేరే లేదు. మొగుడు ఒక్కసారి నొక్కితే అది కేరింగ్.

పోయిన నెల షవర్‌లో ఆమె పట్టు జారింది. ఇద్దరూ పడ్డారు. ఒకరినొకరు లేపుకోలేక, తడి ఒంటితో వణుకుతూ చాలాసేపు ఆ టైల్స్ మీదే ఉండిపోయారు. ఎలాగో లేచాక అతనన్న మొదటి మాట, "పట్టుకోవడం కూడా చేతకాదా నీకు?" రెండో మాట, "అమ్మాయికి చెప్పకు." వేరే రాష్ట్రంలో, చాండ్లర్‌లో ఉన్న కూతురు చరితకి ఈనాటికీ తెలియదు.

అసెసర్ సాన్వి వచ్చి, సోఫా అంచున కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది.

"అంకుల్, షవర్‌లో మీకు ఎవరు హెల్ప్ చేస్తారు?"

"ఎవరూ లేరమ్మా, ఐ మేనేజ్. ఆంటీ ఊరికే పక్కన నిలబడుతుంది."

"బట్టలు వేసుకోడం?"

"నేనే. ఆంటీవి కూడా అన్నీ నేనే చూస్తాను."

ఆ అమ్మాయి ప్రమోద చేతుల వైపు చూసింది. "ఆంటీ, మీరు చెప్పండి."

"దానికి ఇవన్నీ సరిగ్గా చెప్పడం రాదమ్మా," అన్నాడు మూర్తి నవ్వుతూ.

మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఇక్కడి ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి ప్రమోద. అత్తగారు మంచాన పడితే మానేసింది. "కోడలుండగా పరాయివాళ్ళ చేత కడిగించుకునే ఖర్మ నాకెందుకు?" అందావిడ. కొడుకు తలూపాడు. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత అత్తగారూ పోయింది. కడగడం మాత్రం ఉండిపోయింది.

"పోయిన నెల షవర్‌లో ఇద్దరం పడ్డాం," అంది ప్రమోద. "ఆయనకి స్నానం నేనే చేయిస్తాను. బట్టలు నేనే వేస్తాను. నా ఇంజెక్షన్ ఆయన చేస్తారు."

"ఏం వాగుతున్నావ్?"

"అంకుల్, ప్లీజ్." సాన్వి టైప్ చేయడం ఆపింది. "ఆంటీ, ఇంట్లో ఇంకో మనిషి ఉంటే, ఆ మనిషే చేస్తారు అని సిస్టమ్ అనుకుంటుంది. సో నేను రెండు అడగాలి. ఇదంతా మీరు చేయగలరా? ఇంకా... చేయడం మీకు ఇష్టమా?"

మూర్తి పగలబడి నవ్వాడు. "ఇష్టమేమిటమ్మా! భార్య కదా!"

ప్రమోదకి ఒక్క క్షణం ప్రశ్నే అర్థం కాలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లాడు నచ్చాడా అని పిన్ని అడిగింది, జవాబు వినకుండానే లేచి వెళ్ళింది. అమెరికాకి టికెట్ చేతికొచ్చాకే ప్రయాణమని తెలిసింది. ఉద్యోగం మానే రోజున బాస్ కూడా ఎందుకని మాత్రమే అడిగాడు. ఈ పిల్ల, తన కూతురికంటే చిన్నది, వచ్చీరాని తెలుగులో ఇష్టమా అంటోంది.

"చేయలేను," అంది. అక్కడితో ఆగితే జాలి దొరుకుతుందని ఆమెకు తెలుసు. మూర్తి కూడా పాపం పేషెంటు కదా అని సర్దేస్తాడు. "చేయగలిగినా, నాకు ఇష్టం లేదు."

సాన్వి కళ్ళు దించుకుని రాసుకుంది. ఇద్దరికీ విడివిడిగా హెల్పర్‌ని పంపమని కౌంటీని అడుగుతానని, కొన్ని వారాలు పట్టొచ్చని చెప్పి వెళ్ళిపోయింది. అలవెన్స్ ఊసే రాలేదు.

తలుపు మూసీ మూయకముందే మూర్తి లేచాడు. "పరాయిదాని ముందు పరువు తీశావు. ఇష్టం లేనిదానివి ఇన్నాళ్ళూ ఎందుకు చేశావు?"

"ఇన్నాళ్ళూ అది అడగాల్సిన సంగతని మీకూ తెలీదు, నాకూ తెలీదు."

"అయితే ఇప్పుడు నేనే అడుగుతున్నా. ఈ పూట అన్నం పెడతావా, అదీ ఇష్టం లేదా?"

ప్రమోద గోడ పట్టుకుని నెమ్మదిగా వంటింటి వైపు నడిచింది.

"పెడతాను, నాకూ ఆకలిగా ఉంది," అంది వెనక్కి తిరక్కుండా. "స్నానం మాత్రం ఆ హెల్పర్ వచ్చాకే."