గంజి పెట్టి అతికిన గాజుదారం

కాశిబుగ్గలో కరెంటు పోయిందంటే జనం ముందు మల్లక్కను పిలుచుకొచ్చేవాళ్లు. "అక్కా, పిల్లలకు పరీక్షలు, జర వచ్చి కూసో" అంటే చాలు, ఆవిడ వచ్చి చేతులు ఒళ్లో పరిచి కూర్చునేది. చిన్నప్పటి నుంచి ఎండలో కూర్చుని గంజి పెట్టిన నూలు చుట్టీ చుట్టీ ఆ ఎండ వెలుతురు వేళ్లకు పేరుకుపోయింది మరి. ఆ వెలుగులో పిల్లలు ఎక్కాలు చదివేవాళ్లు, ఆడవాళ్లు బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లు. వాడకు కొత్తగా వచ్చిన కోడళ్లు కూడా తొందరగానే అలవాటు పడేవాళ్లు.

ఆ వాడలోనే ఇమాం పాషా ఉండేవాడు. జంపఖానాలు నేసే ఇంట పుట్టాడు గానీ, మగ్గం కూడు పెట్టక ఫోను తీగలు లాగే కంట్రాక్టు పనుల్లో పడ్డాడు. ఎనభై ఎనిమిదిలో అనుకుంటాను, కాశిబుగ్గ నుంచి కాజీపేట దాకా గాజుదారం వేసే పని దొరికింది. రాగి కాదండీ, గాజు! వెంట్రుకంత సన్నం. ఇటు చివర దీపం పెడితే మాటలు ఆ వెలుగుతో పోయి అటు తేలతాయట.

ఈ పని పోతే పాషాకు ఊరొదిలి భివండీ బట్టల మిల్లుకు పోవడమే గతి. వాడలో సగం మగాళ్లు అప్పటికే అక్కడున్నారు. వెనక్కి వచ్చినవాళ్లు దగ్గు తప్ప ఏమీ తేలేదు. పైగా ఇంట్లో భార్య సుల్తానా బేగం నిండు చూలాలు.

దారం మంచిదే కొన్నాడు. చిక్కల్లా అతుకుల దగ్గర వచ్చింది. గాజును కరిగించి అతికే మిషను హైదరాబాదులో కిరాయికి ఉంది గానీ, ఆ కిరాయి వినగానే పాషా ఆ ఆలోచన మానేశాడు. కొసలు కలిపే సెకండ్‌హ్యాండ్ కనెక్టర్లు చూస్తే వాటి మూతులన్నీ గీతలే. చివరికి కట్టయ్య దగ్గరికి పోయాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పోగులను ఒక్కొక్కటే దానికి మెలిపెట్టి అతికే మనిషి కట్టయ్య.

"దారమే గదరా పాషా! నూలు అతికిన, పట్టు అతికిన. గాజేమన్న పైనుంచి దిగొచ్చిందా?" అన్నాడు.

కొనవేళ్లకు గంజి రాసుకుని, ఆ పెళుసుదాన్ని బుజ్జగించి మెలిపెడుతూ కాజీపేట దాకా అతుక్కుంటూ పోయాడు. లాగి చూస్తే ఒక్కటీ ఊడలేదు. పాషా మురిసిపోయి దారం వేసిన గుంటలు పూడ్పించేశాడు.

పరీక్ష రోజు వచ్చింది. కాజీపేటలో ఇంజినీరు లక్ష్మీనారాయణ వెలుగు కొలిచే మీటరు ముందు కూర్చున్నాడు. కాశిబుగ్గలో, మల్లక్క ఇంటి గోడకు బిగించిన పెట్టెలో పాషా దీపం వెలిగించి, పాత ఫోనులో అడిగాడు.

"సార్, ముల్లు లేచిందా?"

"లేవలేదు."

"ఇప్పుడు సార్?"

"పడుకునే ఉందయ్యా. అతికింది దారమా, అప్పడాలా? సాయంత్రం బండికి నేను పోతాను. అప్పటికీ లేవకపోతే పని ఇంకొకరికి ఇస్తాం."

పాషా ఫోను పక్కన పెట్టి కట్టయ్య వైపు చూశాడు.

"గట్టిగుందా లేదా, లాగి చూడు!" అన్నాడు కట్టయ్య.

"గట్టిగనే ఉన్నదే! వెలుగే పోతలేదు. గంజి కాడ ఆగింది."

మళ్లీ తవ్వుదామంటే పొద్దు లేదు, అతుకుదామంటే మిషను లేదు. పాషా పెట్టెలోంచి దారం కొస ఊడదీసి పట్టుకుని కూలబడ్డాడు. సుల్తానాకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో తెలియక తల గోడకు కొట్టుకున్నాడు. ఆ చప్పుడుకు మల్లక్క బయటికి వచ్చింది.

"ఏందిరా, నా గోడ కూలగొడ్తానవా?"

"భివండీ పోతాన అక్కా. నా పనైపోయింది."

సంగతంతా విని చెయ్యి చాపింది. "ఇటియ్యి. నా వెలుగు గంజి పోగుల మీదనే పెరిగింది. దానికి అతుకులు కొత్తనా?"

దారం కొసను వేళ్ల మధ్య పెట్టుకుని మెల్లగా నలిపింది. చిటికెన వేలు ఆరిపోయింది. ఆ పక్కది ఆరిపోయింది.

"అక్కా, చాలు! నీకేం మిగుల్తది?"

"జర ఊకోరా."

ఆఖరుకు బొటనవేళ్లు కూడా ఆరాయి. ఫోనులో ఇంజినీరు అరిచాడు. "లేచిందయ్యా! ముల్లు ఆ కొసకు కొట్టుకుంటోంది! ఏం దీపం పెట్టావు?"

"మా అక్కది సార్," అన్నాడు పాషా.

"మంచిది. ఇక పెట్టెలోది పెట్టు."

పాషా కొసను మళ్లీ పెట్టెలో బిగిస్తే, ఆ దీపం కూడా ముందు పోయిన వెలుగు వెంటే దారి పట్టుకుని పోయింది. ముల్లు మళ్లీ పడలేదు. తర్వాతి లైను పనికి కూడా రమ్మన్నాడు ఇంజినీరు.

పొద్దుగూకాక పాషా మల్లక్క ఇంటికి పోయాడు. లోపల కటిక చీకటి.

"ఎవలది?"

"నేనక్కా, పాషాను."

చీకట్లో రెండు చేతులు తడుముకుంటూ వచ్చి అతని చెంపలు పట్టుకున్నాయి.

"పోతలేవు గద?"

"పోతలేనక్కా."

"అయితే రోజు వచ్చి దీపం ముట్టియ్యి. ఇన్నేండ్లు అక్కర పడలే, నాకు ముట్టియ్యరాదు."