భూలక్ష్మికి తీసుకెళ్లిన మాత్ర

కొడుకు చిన్నుకి పెట్టిన తిండంతా ఎటు పోతోందో నీహారికకి అంతుపట్టలేదు. గిన్నె ఖాళీ అవుతోంది, అయిదేళ్ల పిల్లాడు మాత్రం పుల్లలా ఉన్నాడు. పగలంతా తను గచ్చిబౌలి ఆఫీసులో ఉంటుంది. ఇంట్లో ఉండి వాడికి తినిపించేది పనిమనిషి భూలక్ష్మి. అనుమానం పెనుభూతం అన్నారు. ఒకసారి ఇంట్లో చొరబడిందంటే పప్పన్నానికి కూడా లెక్క అడుగుతుంది.

"వాడి తిండి ఎవరు తింటున్నారు భూలక్ష్మీ?" అని ఒక సాయంత్రం అడగనే అడిగింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. భూలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుని, నిద్రపోతున్న చిన్నుకి దుప్పటి సర్ది వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు.

తర్వాతి వారం పిల్లల డాక్టరు పరీక్ష చేయించి సంగతి తేల్చాడు. కడుపులో నులిపురుగులు.

"పిల్లల్లో ఇది మామూలేనండి. మట్టి నుంచి, బడి నుంచి, ఎక్కణ్ణుంచైనా వస్తాయి. ఈ ఆల్బెండజోల్ మాత్ర నమిలించండి. ఇంట్లో అందరూ వేసుకోండి," అన్నాడు.

నీహారికకి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. పాపం, ఆ మనిషి ఒక్క మెతుకు ముట్టలేదు.

ఊరికే వెళ్లి తప్పయిందని చెప్పడానికి మొహం చెల్లలేదు. అంత చదువూ ఆ ఒక్క మాట నేర్పలేదు మరి. అందుకని సాకుగా ఒక మాత్ర ఎక్కువ కొని, ఆదివారం పుప్పాలగూడ పాత ఊళ్లో భూలక్ష్మి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

భూలక్ష్మి కుర్చీ వేసింది. "పోరడు ఎట్లున్నడమ్మా?"

"కడుపులో పురుగులున్నాయట. మందు వేశాం, ఇప్పుడు బాగున్నాడు." నీహారిక గబగబా మాత్ర తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇంట్లో అందరం వేసుకున్నాం. నువ్వు కూడా వేసుకో." అసలు మాట ఆ తర్వాత చెబుదామనుకుంది.

భూలక్ష్మి మాత్రను అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం నల్లబడింది.

"గా పురుగులు నా చేతులకెల్లే వచ్చినయంటరా అమ్మా?"

"అయ్యో, అది కాదు..."

"మొన్న పిల్లగాని బువ్వ తిన్ననంటిరి. ఇయ్యాల గిది." గొంతు పెంచలేదు. మాత్ర నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

నీహారికకి ఏడుపొచ్చింది గానీ, క్షమించమన్న మాట రాలేదు.

భూలక్ష్మి దగ్గరికొచ్చి నోరు తెరిచి చూపించింది.

"చూస్కోండ్రి అమ్మా. ఏం దాచలే."