ఎడమచేతికి అందే మోటారు

రెండో మోటారు లేకుండా పడవ రేవు గోడ దాటడానికి వీల్లేదని కూతురు తేల్చి చెప్పి మూడు వారాలయింది. ఆ మూడు వారాలూ ఆమె తండ్రీ, భర్తా గోడ లోపలి నీళ్లలోనే వల వేసి, పిల్లులు సైతం వాసన చూసి వదిలేసే చేపలు తెచ్చారు. అయినా ఆమె మెత్తబడలేదు.

ఆమె పట్టుకు కారణం ఉంది. మూడు వారాల కిందట, ఒడ్డు కనుమరుగైన చోట, పెట్రోలులో నీళ్లు చేరి, ఉన్న ఒక్క మోటారూ దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. అల్లుడు దాన్ని విప్పాడు, తుడిచాడు, బిగించాడు, తిట్టాడు, మళ్లీ విప్పాడు. అంతసేపూ మామగారు తెడ్డు వేస్తూనే ఉన్నాడు. రెండు గంటల తర్వాత వేరే పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరారు. కానీ ఆనాటి నుంచి పెద్దాయన కుడిచెయ్యి భుజం ఎత్తుకు లేవడం మానేసింది. ఆ సంగతి ఆయనకూ, ఆయన దువ్వెనకూ తప్ప మూడో కంటికి తెలియదు.

చెప్పకపోవడానికి కారణం, రేవు షెడ్డులో గోడవారగా ఉన్న ఒక పొడవాటి బల్ల. పడవ పనికి చాలని వాళ్లు ఆ బల్ల మీద వరసగా కూర్చుని, చిరిగిన వలలు బాగుచేస్తూ, ఒకప్పుడు తాము పట్టిన చేపల్ని ఏటేటా కాస్త పెద్దవి చేసుకుంటూ ఉంటారు. వాళ్లంతా మంచివాళ్లే. టీ కూడా వేళకు వస్తుంది. అయినా ఆ బల్ల మీద కూర్చున్నవాడు తిరిగి పడవ ఎక్కడం పెద్దాయన ఒక్కనాడూ చూడలేదు.

మోటారు కొనే ఉత్సాహంలో అల్లుడు, ఒడ్డున దిమ్మల మీద నిలిపిన పడవ వెనుక పలకకు టేపు పెట్టి కొలిచాడు.

“పదిహేను అంగుళాలు మామయ్యా. పొట్టి కాడ మోటారు సరిగ్గా సరిపోతుంది.”

కాడ అంటే మోటారు తల నుంచి నీళ్లలోని పంకా వరకూ దిగే గొట్టం. పెద్దాయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. రేవులో ఆయన పేరే సుద్దముక్క. డబ్బాలో పెట్రోలైనా, గోడకు తగిలే పోటునీరైనా, గీత గీసి చూస్తే తప్ప ఆయన నమ్మడు.

“ఒడ్డున కొలవడమంటే హ్యాంగర్‌కి చొక్కా కుట్టించడమే అల్లుడూ. తొడుక్కునేది మనిషి కదా!”

పడవను నీళ్లలోకి దింపారు. వల పెట్టె, మంచు పెట్టె, పెట్రోలు డబ్బా ఎక్కించారు. పెద్దాయన వెనుక పలక దగ్గర తన చోట తాను కూర్చున్నాడు.

“ఇప్పుడు ముందుకెళ్లి వల లాగుతున్నట్టు నిలబడు.”

“వల లేకుండానా? రేవంతా నవ్వుతుంది మామయ్యా.”

“నవ్వనీ. కాస్త వంగు కూడా.”

అల్లుడి బరువు ముక్కు మీద పడగానే పడవ తోక జానెడు లేచింది. పెద్దాయన వెనక్కి వంగి, నీరు తాకిన చోట ఎడమచేత్తో గీత గీశాడు. గీత వంకరటింకరగా వచ్చింది.

“ఇదేంటి, మీ గీత ఇలా ఉంది?”

“పడవ ఊగుతోంది,” అన్నాడు పెద్దాయన.

పైకి లాగి మళ్లీ కొలిచారు. పొట్టి కాడ కొని ఉంటే, అల్లుడు వల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ పంకా సగం నీళ్ల బయటే తిరిగేది.

ఒడ్డున నిలబడి ఇదంతా చూస్తున్న కూతురు, “గాల్లో తిరిగే పంకా ఇంట్లో ఒకటుంది నాన్నా, అది చాలు. పొడుగు కాడే తీసుకోండి,” అంది.

మర్నాడు మామా అల్లుళ్లిద్దరూ మోటార్ల షాపుకు వెళ్లారు. ముందు గదిలో కొత్త మోటార్లు, వెనుక గదిలో నీళ్ల డ్రమ్ము, డ్రమ్ము అంచుకు మోటారు బిగించే కొయ్య. షాపు నడిపే మెకానిక్కును అందరూ స్పానరక్క అంటారు. మోటారు ఎంతటిదైనా, మనిషి ఎంతటివాడైనా, ఆమె ముందు చూసేది శబ్దం ఎక్కడి నుంచి వస్తోందని.

అల్లుడి కన్ను పది హెచ్‌పీ మోటారు మీద పడింది. పడింది మొదలు లేవలేదు.

“అది నలభై కిలోల పైమాటే. పడవ తోక కుంగిపోతుంది,” అన్నాడు పెద్దాయన.

“మంచు పెట్టె ముందుకు జరుపుదాం.”

“పెట్రోలు ఎక్కువ తాగుతుంది.”

“రోజూ వాడతామా ఏంటి?”

“చప్పుడు కూడా...”

“మీకు చేపలతో ఏమైనా రహస్యాలున్నాయా మామయ్యా?”

పెద్దాయన చెప్పినవి అన్నీ నిజాలే. అసలు నిజం ఒక్కటే వాటిలో లేదు.

స్పానరక్క పది హెచ్‌పీని డ్రమ్ముకు బిగించింది. అల్లుడు డ్రమ్ముకు కాలు తన్నిపెట్టి, నిలబడి, తాడు లాగాడు. రెండో లాగుకే గది దద్దరిల్లింది. అతని ముఖం వెలిగిపోయింది. ఆమె మోటారు ఆపి, ఒక ప్లాస్టిక్ పెట్టెను కాలితో అతని వైపు తోసింది.

“పడవలో ఇలాగే నిలబడి లాగుతావా తమ్ముడూ, అలల్లో? కూర్చుని లాగు.”

కూర్చుని లాగితే మూడోసారికి గాని అందుకోలేదు. అల్లుడు ఎర్రబడ్డాడు. “అయితే అయిందిలే. స్టార్టయిందిగా!”

“నువ్వు లాగితే అయింది. నువ్వే నీళ్లలో పడితే?”

“మామయ్య ఉన్నారుగా.”

“మరి కూర్చోవాల్సింది బాబాయే. పడవలో ఎవరి చేతికి సత్తువ తక్కువో, వాళ్లు లాగగలిగినదే రెండో మోటారు. మిగతావన్నీ అలంకారం.”

ఆమె ఎవరి వైపూ చూడకుండానే అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పెద్దాయన ఎడమచెయ్యి దానంతట అదే కుడిభుజం మీదికి వెళ్లింది. వెంటనే దింపేశాడు. మేకపోతు గాంభీర్యంతో వెళ్లి పెట్టె మీద కూర్చున్నాడు. తాడు పిడి పట్టుకున్నాడు.

లాగితే బయటపడిపోతుంది. లాగకుండా దాటవేయడానికి మాటలు ఆయన దగ్గర బోలెడున్నాయి. చెప్పు జారుతోందనవచ్చు, టీ తాగి వద్దామనవచ్చు. కానీ పిడి చేతిలో ఉండగా ఆయనకు ఆనాటి నీళ్లు గుర్తుకొచ్చాయి. మోటారు మీద నడుం దాకా వంగిపోయిన అల్లుడు గుర్తుకొచ్చాడు. ఒక్క పెద్ద అల వచ్చి ఉంటే, ఆ ఖాళీ పడవలో తాను ఒక్కడే, పైకి లేవని చెయ్యి ఒక్కటే. పిల్లకు ఏం చెప్పేవాడు?

ఆయన పిడి వదిలేశాడు.

“నావల్ల కాదు.”

“ఒకసారి లాగి చూడండి మామయ్యా.”

“చూడక్కర్లేదు. తెడ్డు వేసిన రోజు నుంచి ఈ చెయ్యి లేవడం లేదు. చెబితే బల్ల మీద కూర్చోబెడతారని చెప్పలేదు.”

అల్లుడు వంగి మామగారి కుడిచెయ్యి చూశాడు.

“అంటే నిన్న ఆ గీత...”

“పడవ ఊగలేదు,” అన్నాడు పెద్దాయన.

“మూడు వారాలు! ఆ చెయ్యి పెట్టుకుని నాతో గోడ అవతలికి వద్దామనుకున్నారా?”

“అనుకున్నాను. తప్పే.”

స్పానరక్క మధ్యలోకి రాలేదు. పది హెచ్‌పీని విప్పి, పొడుగు కాడ ఉన్న ఆరు హెచ్‌పీని డ్రమ్ముకు తగిలించింది. దాని బరువు ఇరవై ఏడు కిలోలే. తాడూ తేలికే. పెద్దాయన కుడిచేత్తో లాగితే అది సగం వచ్చి ఆగింది. అప్పుడు ఆమె పెట్టెను మోటారుకు అవతలి పక్కకు జరిపింది. ఎడమచేత్తో లాగాడు. రెండోసారికి మోటారు గురక తీసింది.

“ఆరు హెచ్‌పీ మిమ్మల్ని పరుగెత్తించదు, ఇంటికి చేరుస్తుంది. అమ్మాయి అడిగింది అదే కదా,” అంది స్పానరక్క. “దీని పెట్రోలు డబ్బా మాత్రం వేరే పెట్టుకోండి. రెండింటికీ ఒకే డబ్బా అయితే రెండూ ఒకే నీళ్లు తాగి ఒకేసారి చస్తాయి.”

చిక్కు ఇంకొకటి మిగిలింది. వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి ఎడమచేతికి అందాలంటే మోటారు పడవ కుడి మూలన ఉండాలి. రేవులో ప్రతి పడవా రెండో మోటారును ఎడమ మూలకే వేలాడదీస్తుంది. కారణం, వలను అందరూ కుడివైపు నుంచే లాగుతారు. మోటారూ అటే ఉంటే వల పంకాకు చుట్టుకుంటుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అల్లుడు ఆరు హెచ్‌పీని కొని బండిలో పెట్టించాడు.

పెద్దాయన లెక్క వేసుకున్నాడు. చిన్న మోటారు కొన్నాడు సరే. తేలికైన తాడు లాగడానికి తన చోట కుడిచెయ్యి బాగున్న ఎవడైనా సరిపోతాడు కదా!

తెల్లవారి ఆయన రేవుకు ఒంటరిగా వెళ్లాడు. ఎవరో చెప్పేదాకా ఆగడం ఎందుకని, తిన్నగా షెడ్డులోకే నడిచాడు. బల్ల మీదివాళ్లు జరిగి చోటిచ్చారు.

“రా సుద్దముక్కా, నీకోసమే ఈ మూల ఖాళీగా ఉంది,” అన్నాడు చివర కూర్చున్నతను. “ఇక్కడ గీతలు గీస్తే మాత్రం ఊరుకోం.”

పెద్దాయన కూర్చోబోయాడు. అప్పుడే బయట డ్రిల్లు మోగింది. శబ్దం తన పడవ వైపు నుంచే వస్తోంది. నిలబడే తొంగి చూశాడు.

అల్లుడు పడవ కుడి అంచు మీద మోకాళ్లూని, వల దొర్లే రోలరును ఊడదీస్తున్నాడు. తుప్పు పట్టిన బోల్టులు నాలుగు పక్కన పడి ఉన్నాయి. పడవ కట్టిన నాటి నుంచీ కదలని రోలరు అది. దాన్ని రెండు చేతులా ఎత్తి, ఎడమ అంచు మీద పెట్టి, అటు జరిపి, ఇటు జరిపి, తల గోక్కున్నాడు. షెడ్డు వైపు తిరిగి అరిచాడు.

“మామయ్యా! పొద్దున్నే ఆ ముసలాళ్లతో కబుర్లేంటి? సుద్ద పట్టుకుని రండి. బెజ్జం ఎక్కడ వేయాలో తెలియడం లేదు.”

“ఎవర్రా ముసలాళ్లు?” అని బల్ల మొత్తం ఒక్క గొంతుతో గర్జించింది. ఆ గొంతుల్లో పెద్దాయన గొంతూ ఉంది. కానీ అప్పటికే ఆయన సగం దూరం వెళ్లిపోయాడు.

మూడో రోజు గోడ దాటారు. ఒడ్డు సన్నని గీతగా మారాక అల్లుడు పెద్ద మోటారు ఆపేసి, ముందుకు వెళ్లి నిలబడ్డాడు. పెద్దాయన వెనక్కి తిరిగి కూర్చుని, ఎడమచేత్తో తాడు లాగాడు. మొదటిసారి అందుకోలేదు. రెండోసారి అందుకుంది. పంకా నీళ్లలోనే ఉంది. పడవ నింపాదిగా, ఒడ్డున నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా, అయినా ఆగకుండా సాగింది.

మోటారు ఆపి వల లాగడం మొదలుపెట్టారు. ఎడమవైపు నుంచి లాగడం అల్లుడి చేతులకు కొత్త. తాడు తప్పు చేతిలోకి వస్తోంది, కాలు కాలికి అడ్డుపడుతోంది, పట్టిన చేప పట్టినట్టే జారుతోంది. పెద్దాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

“నవ్వకండి మామయ్యా. ఎడమచేత్తో తల దువ్వుకుంటున్నట్టుంది నాకు.”

“మూడు వారాలు,” అన్నాడు పెద్దాయన. “మూడు వారాల్లో అలవాటైపోతుంది.”